జాబితాలో లేని పేరు

పోయిన వారం మనం నజ్జరేనోను నోటీసు బోర్డు ముందు వదిలేశాం. చేతిలో నాలుగు గుండుసూదులు, గోడమీద శుక్రవారం పట్టాలు పుచ్చుకునేవాళ్ల జాబితా. పంతొమ్మిది పేర్లు. ఆ హాస్టల్‌కు ముప్ఫై ఒక్క ఏళ్లుగా వాచ్‌మన్‌గా ఉన్న మనిషి, ఇలాంటి జాబితాలు ఎన్ని గుచ్చాడో ఆయనకే తెలీదు. దీన్ని మాత్రం మూడుసార్లు చదివాడు. పై అంతస్తు పదిహేడో గది అమ్మాయి తెక్లా పేరు అందులో లేదు.

అదే సమయంలో ఆయన గదిలో, తాళాలు తగిలించే పలక కింద, తెక్లా తండ్రి దక్షిణాది నుంచి పంపిన అట్టపెట్టె ఉంది. అందులో రెండొందల చిన్న సంచులు. ఒక్కో సంచిలో, పట్టా పండగకు పంచే చక్కెర పూత పూసిన ఎర్ర బాదం పప్పులు ఐదు. సంచిమీద బంగారు అక్షరాలతో తెక్లా పేరు, పేరుకు ముందు డాక్టర్ అన్న మాట (ఇక్కడ ఏ పట్టా పుచ్చుకున్నా డాక్టరే), కింద శుక్రవారం తేదీ.

అది మంగళవారం సంగతి. ఇది బుధవారం. పొద్దున పది దాటింది. బయట పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే, ఎదురుగా ఉన్న రొట్టెల కొట్టు వాసన వస్తోంది గాని కొట్టు కనిపించడంలేదు.

నజ్జరేనో తన అద్దాల గదిలో కూర్చుని కాఫీ తాగుతున్నాడు. ఒక కప్పు. పధ్నాలుగు నెలలుగా ఒకటే కప్పు.

భార్య ఎలీదే ఉన్నప్పుడు ఈ గది ఇలా ఉండేది కాదు. ఆమె హాస్టల్ దుప్పట్లు, గలీబులు చూసుకునేది. జీతం ఆ పనికే. కానీ మధ్యాహ్నం మూడయ్యేసరికి ఈ గదిలోకి వచ్చి కూర్చునేది. పిల్లలు ఒక్కొక్కళ్లే చేరేవాళ్లు. గదిలో తోడున్న పిల్ల తెల్లవార్లూ ఫోన్‌లో మాట్లాడుతోందని ఒకమ్మాయి ఏడిస్తే, "దానికి చెప్పావా? లేదా? మరి నాకెందుకు చెప్తున్నావ్? పోయి దాన్ని కూడా పిల్చుకురా, ఇద్దరికీ కాఫీ పెడతాను" అనేది. జ్వరమొచ్చిన వాడికి నిమ్మకాయ పిండిన కోడి చారు పంపేది. ఇంటిమీద బెంగపెట్టుకున్న కొత్త పిల్లలకు ఆమె ఒకటే మందు చెప్పేది: మొదటి మూడు ఆదివారాలు ఇంటికి పోవద్దు, నాలుగో ఆదివారం పో. మూడు గడిపిన వాళ్లు నాలుగోది మరిచిపోయేవాళ్లు.

ఇప్పుడు ఆ పనికి యూనివర్సిటీలో ఒక గది పెట్టారు. తలుపుమీద "వినే చోటు" అని రాశారు. మంగళ, గురువారాలు. పేరు రాసుకుంటే ఆరు వారాల తరవాత పిలుస్తారు. ఆరు వారాలు ఆగగలిగిన వాడికి ఆ గదితో పనేం లేదని నజ్జరేనో అభిప్రాయం. ఆయన్ని ఎవరూ అడగలేదు. పిల్లలు ఆయన దగ్గరికి తాళాల కోసం వస్తారు. తాళం తీసుకుని, ఒక నవ్వు పడేసి పోతారు. ఆయన ఆ నవ్వు తిరిగి ఇవ్వడు.

మెట్లమీద అడుగులు వినిపించాయి. ఒక మెట్టు, ఆగడం, ఇంకో మెట్టు. తెక్లా. ఇరవై నాలుగేళ్ల పిల్ల, మూడు రోజులుగా జుట్టు దువ్వినట్టు లేదు. అద్దం తలుపు తోసి లోపలికి వచ్చి, తన వెనకే మూసేసింది.

"నజ్జరేనో గారూ, ఒక సాయం చెయ్యాలి."

"పెట్టె తీసుకుపో. కాళ్లకు అడ్డం తగుల్తోంది."

"పెట్టె సంగతి కాదు."

"తెలుసు. జాబితా గుచ్చింది నేనే."

తెక్లా గోడకు ఆనుకుంది. "రేపు పెడతారనుకున్నాను" అంది.

"రేపు పెడితే నీ పేరు మొలుస్తుందా?"

"ఎవరికైనా చెప్పారా?"

"ఎవరికి చెప్పను? ఈ తాళాలకా?"

ఆమె పెదవులు తడుపుకుంది. తరవాత మాటలన్నీ ఒక్క ఊపిరిలో వచ్చాయి, ముందే కంఠతా పట్టినట్టు. "పదకొండింటికి మా నాన్న ఇక్కడికి ఫోన్ చేస్తాడు, ముందే చెప్పాడు. ఆదివారం నుంచి నా ఫోన్ ఆపేశాను. శుక్రవారం బస్సు ఎక్కడ నిలపాలో మిమ్మల్ని అడుగుతాడు. మీరు ఒక్క మాట చెప్తే చాలు. సమ్మె అనండి. శుక్రవారం కార్యక్రమం మార్చికి వాయిదా పడిందనండి. మీ నోటి నుంచి వస్తే నమ్ముతాడు."

"నా నోటికేముంది అంత?"

"మీరు అబద్ధం చెప్పే మనిషిలా ఉండరు."

"అందుకని చెప్పమంటున్నావా?"

తెక్లా తల దించుకుంది.

"బస్సంటే ఎంతమంది?"

"ముప్ఫై రెండుమంది. మేనత్తలు, వాళ్ల పిల్లలు, నాన్న వర్క్‌షాపులో పనిచేసేవాళ్లు. మా చర్చి ఫాదర్ కూడా వస్తున్నాడు."

"ఆయనెందుకు?"

"ముందు సీటు ఒకటి ఖాళీగా ఉందట."

నజ్జరేనోకు నవ్వు రాబోయింది. మింగేశాడు. "మార్చి అంటున్నావు. మార్చిలో నీ పేరు ఉంటుందా?"

తెక్లా తాళాల వైపు చూసింది.

"ఎన్ని పరీక్షలు మిగిలాయి?"

"తెలీదు."

"తెలీదంటే?"

"రెండేళ్లుగా ఆ పేజీ తెరవలేదు. తొమ్మిది ఉంటాయేమో. పదేమో."

"ఎన్నున్నాయో తెలీకుండా మార్చి అని ఎలా అంటున్నావే? ఏప్రిల్ ఎందుకు కాకూడదు?"

ఆమెకు కోపం వచ్చింది. రావడం మంచిదే అనుకున్నాడాయన. ఏడ్చే పిల్లతో మాట్లాడటం ఆయనకు రాదు.

"మీకేం తెలుసు?" అంది తెక్లా. "మొదటి పరీక్షకు ముప్ఫైకి ముప్ఫై వచ్చాయి. పైన ప్రశంస కూడా. నాన్న ఊళ్లో అందరికీ తాగించాడు. మా ఇంట్లో పై చదువుకు వచ్చినదాన్ని నేనే. రెండో ఏడాది రోమన్ న్యాయశాస్త్రంలో ఇరవై నాలుగు వేస్తానన్నాడు ప్రొఫెసర్. వద్దన్నాను."

ఇక్కడ ప్రతి విద్యార్థికీ ఆ హక్కుంది. ప్రొఫెసర్ ఎదురుగా కూర్చుని అడిగినవి చెప్పాక, ఆయన ఒక మార్కు అంటాడు. నచ్చకపోతే వద్దనొచ్చు. ఆ మార్కు ఎక్కడా రాయరు. మళ్లీ వచ్చి మళ్లీ చెప్పుకోవచ్చు. ఈ హక్కు చేతికిచ్చి ఎంతమంది పిల్లల్ని చెడగొట్టారో నజ్జరేనో చూస్తూనే ఉన్నాడు. బతుకులో ఇంకెక్కడా లేని సదుపాయం అది. ఇచ్చింది వద్దని, ఇంకా మంచిది తెమ్మని కూర్చోవడం.

"మళ్లీ వెళ్తే?"

"ఇరవై రెండన్నాడు. అదీ వద్దన్నాను. మూడోసారి నా పేరు పిలిచారు. నేను వరండాలోనే ఉన్నాను. లేవలేదు. సాయంత్రం నాన్న ఫోన్ చేసి ఎంతొచ్చిందన్నాడు. ముప్ఫై అన్నాను."

"అక్కణ్ణుంచి?"

"అక్కణ్ణుంచి అన్నీ ముప్ఫైలే."

నజ్జరేనో కప్పు పక్కన పెట్టాడు. కంప్యూటర్ కీబోర్డును ఆమె వైపు జరిపాడు. హాస్టల్ వాళ్లు ఆయనకిచ్చిన కంప్యూటర్ అది. ఆయన దాన్ని వాతావరణం చూడటానికి తప్ప వాడడు.

"తెరువు."

"ఇప్పుడా?"

"మీ నాన్నతో ఏం చెప్పాలో తరవాత తేలుద్దాం. ముందు నువ్వెక్కడున్నావో చూడు."

ఆమె పేరు కొట్టింది. అంకెలు కొట్టింది. ఆఖరి మీట దగ్గర వేలు ఆగిపోయింది. నజ్జరేనో తన బండ వేలు చాపి ఆ మీట నొక్కేశాడు.

పేజీ తెరుచుకుంది. ఇద్దరూ వంగి చూశారు. ఆయన కళ్లజోడు తుడుచుకుని, పెన్ను మొనతో తెరమీద ఒక్కొక్క గీతా కిందికి దిగుతూ లెక్కపెట్టాడు. ఐదో తరగతిదాకా చదివిన మనిషి. లెక్కపెట్టడం మాత్రం తప్పడు.

"ఆరు" అన్నాడు.

"ఏంటి?"

"ఆరు మిగిలాయి. తొమ్మిదీ కాదు, పదీ కాదు. ఒకసారికి రెండు చొప్పున కూర్చున్నా మూడు విడతలు. పైన పట్టా కోసం రాసే ఆ పెద్ద వ్యాసం. వచ్చే శీతాకాలానికి అయిపోయే పని."

తెక్లా తెరను చూస్తూ ఉండిపోయింది. రెండేళ్లుగా మంచం కింద ఏదో ఉందని భయపడి, చివరికి ఎవరో దీపం తెచ్చి చూపిస్తే పిల్లి కనిపించినట్టుంది ఆమె మొహం. ఆ వెలుగు ఎంతోసేపు నిలవలేదు.

"అయినా శుక్రవారం శుక్రవారమే కదా" అంది. "సమ్మె అనండి నజ్జరేనో గారూ. ఒక్క ఏడాది టైమివ్వండి. ఆరూ పూర్తిచేసి, అప్పుడు చెప్తాను. అప్పుడు చెప్పినా ఎవరికీ నష్టం లేదు."

నజ్జరేనో వినడంలేదు. పెన్ను మొన తెరమీద ఒకచోట ఆగిపోయింది. ఇన్నేళ్లలో ఈ పిల్ల పాసైనవి అక్కడొకటి ఇక్కడొకటి. మధ్యలో ఒకచోట మాత్రం ఐదు వరసగా ఉన్నాయి. పంతొమ్మిది. ఇరవై ఒకటి. పద్దెనిమిది. ఇరవై. ఇరవై. గొప్ప మార్కులు కావు. ఐదూ ఒకే ఏడాదివి. డిసెంబరు నుంచి జూలై దాకా. ఎలీదే బతికున్న చివరి ఏడాది.

ఆ తరవాత ఒక్కటీ లేదు.

"ఈ ఏడాది ఏం జరిగింది?" అన్నాడు.

"ఏం లేదు."

"ఇరవై నాలుగు వద్దన్నదానివి పద్దెనిమిది ఎందుకు తీసుకున్నావ్?"

తెక్లా తెర వైపు చూడకుండా, "ఆవిడ అయితే చెప్పేది" అంది. "సమ్మె అని మా నాన్నతో ఆవిడ అయితే చెప్పేది."

"ఎవరు?"

"మీ ఆవిడ."

నజ్జరేనో లేచాడు. కుర్చీ వెనక్కి వెళ్లి గోడకు కొట్టుకుంది.

"ఆమె పేరెత్తకు. అబద్ధం సంగతి నాకు చెప్పకు. పదకొండు నెలలు నాకు అబద్ధం చెప్పింది నా పెళ్లాం. రక్తం తక్కువైందంది. ప్రతి నెలా అంకోనాలో చెల్లెలింటికి అని బయల్దేరేది. పోయింది చెల్లెలింటికి కాదు. చివరి వారం ఆస్పత్రివాళ్లు చెప్తే నాకు తెలిసింది. అబద్ధం విన్నవాడు తరవాత ఏం చేస్తాడో తెలుసా నీకు? వెనక్కి నడుస్తాడు. ప్రతి రోజునీ మళ్లీ తవ్వుకుంటాడు. ఆ రోజు నవ్విందే, ఆ నవ్వు నిజమేనా? ఆ రోజు అన్నం వద్దందే, ఎందుకు? పదకొండు నెలల్లో ఒక్క రోజు కూడా నాకు మిగల్లేదు. మీ నాన్న నాలుగేళ్లు తవ్వుకోవాలి. నువ్వు ఇంకో ఏడాది కలుపుతానంటున్నావ్. ఎవరికీ నష్టం లేదట!"

గది చిన్నది. ఆయన గొంతు అద్దాలకు తగిలి ఆయన దగ్గరికే తిరిగొచ్చింది. వరండాలో పోతున్న ఇద్దరు పిల్లలు ఆగి చూసి, గబగబా నడిచిపోయారు.

తెక్లా కదల్లేదు.

"నాకు తెలుసు" అంది.

"ఏం తెలుసు?"

"ఆవిడ అంకోనాకు ఎందుకు వెళ్లేదో."

నజ్జరేనో చెయ్యి బల్లమీద ఆనింది.

"రెండేళ్ల కిందటి నవంబరు" అంది తెక్లా. గొంతు చాలా నెమ్మదిగా ఉంది. "ఆ రోజు నాకు పరీక్ష. వెళ్లలేదు. వెళ్లినట్టు కనపడాలి కదా, దుప్పట్ల గదిలో దాక్కున్నాను. ఆవిడ వచ్చి చూసింది. తిట్టలేదు. పక్కన కూర్చుంది. నేను మొత్తం చెప్పేశాను. అంతా విని, నీది నువ్వు చెప్పావు, నాది నేను చెప్తాను, ఇద్దరం సమానంగా ఉంటాం అంది. చెప్పింది."

"నీకు చెప్పిందా?"

"ఆ తరవాత ప్రతి పరీక్షకూ నాతో వచ్చేది. వరండాలో బెంచీమీద కూర్చుని ఊలు అల్లుకునేది. లెక్కపెట్టొద్దు, పోయి కూర్చో, ఎంతిస్తే అంత తీసుకుని బయటికి రా, కాఫీ తాగుదాం అనేది. పద్దెనిమిది తీసుకున్న రోజు నాకు కేకు కూడా కొనిపెట్టింది."

"కూరగాయలకు పోతున్నాననేది" అన్నాడు నజ్జరేనో. ఎవరితో అంటున్నాడో ఆయనకే తెలీదు.

"అంకోనాకు నాలుగుసార్లు నేను తోడు వెళ్లాను. సంచీ పట్టుకుని బయట కూర్చునేదాన్ని. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నా భుజంమీద పడుకునేది."

ముప్ఫై తొమ్మిదేళ్ల కాపురం. ఆ భుజం ఈయనది కావలసింది. అది ఈ అబద్ధాలకోరు పిల్లది అయింది. నజ్జరేనోకు ఆ క్షణంలో తెక్లామీద పుట్టినంత ద్వేషం జీవితంలో ఎవరిమీదా పుట్టలేదు.

"బయటికి పో" అన్నాడు.

"పోతాను. ఒక్కటి విని..."

"దుప్పట్ల గదిలో కూర్చుని ఇద్దరూ నన్ను వెర్రివాణ్ణి చేశారు. పో."

"మీకు చెప్తే మీరు తగువు పెట్టుకోవడం మానేస్తారంది!" తెక్లా అరిచింది. "అందుకే చెప్పలేదు. నన్ను రోగిష్టిదానిలా చూడని మనిషి ఈ లోకంలో ఒక్కడే మిగిలాడు, వాణ్ణి కూడా పోగొట్టుకోలేనంది. ఉప్పు తక్కువైందని మీరు గిన్నె తోసేసిన రోజు ఎంత హాయిగా ఉందో నాకు చెప్పింది."

నజ్జరేనో తాళాల పలక వైపు తిరిగాడు.

"ఆగస్టులో" అన్నాడు, వెనక్కి తిరక్కుండానే. "మెట్లమీద. ముసలి గాడిదలా ఎక్కుతున్నావు, నీ వెనక నేను చచ్చిపోతానేమో అన్నాను. అందరూ వింటుండగా."

"తెలుసు. ఆ సాయంత్రమే నాకు చెప్పింది."

"ఏమంది?"

"నవ్వింది. కళ్లవెంట నీళ్లొచ్చేదాకా నవ్వింది."

ఆయన ఆ మాటను ఏం చేసుకోవాలో తెలీక అలాగే నిలబడ్డాడు. పధ్నాలుగు నెలలుగా రోజూ ఎక్కుతున్న మెట్లవి. ప్రతిసారీ ఐదో మెట్టు దగ్గర తన గొంతే తనకు వినపడేది. అక్కడ ఆమె నవ్వు కూడా ఉందని ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన పిల్ల పై అంతస్తులోనే ఉంది. రోజూ తాళం తీసుకుని పోతూనే ఉంది.

"ఏడాది పైన అయింది" అన్నాడు. "ఇన్నాళ్లూ నోరు మూసుకున్నావ్."

"మీతో చెప్పాలంటే నాది కూడా చెప్పాలి. ఆవిడకు మాటిచ్చాను. తన రహస్యం ఎలాగూ బయటపడుతుంది, అది బయటపడిన రోజున నీది నువ్వు చెప్పెయ్ అంది. సరేనన్నాను. అంత్యక్రియల రోజు ఆఖరి వరసలో నిలబడ్డాను. ఆ సాయంత్రం నాన్నకు ఫోన్ చేశాను. ఇంకో ముప్ఫై వచ్చిందని చెప్పాను."

నజ్జరేనో తిరిగి ఆమెను చూశాడు. క్షమించడం ఆయనకు చేతకాదు. చేతనవునని ఎన్నడూ చెప్పుకోలేదు. కానీ ఇంత ఒంటరి మనిషిని అద్దంలో తప్ప ఆయన ఎక్కడా చూడలేదు.

"కూర్చో" అన్నాడు.

"ఇంకోటి కూడా ఉంది" అంది తెక్లా. "మీకు చెప్పమని ఒక మాట చెప్పింది. ఎప్పుడు చెప్పాలో కూడా..."

ఫోన్ మోగింది.

ఇద్దరూ గోడ గడియారం చూశారు. పదిన్నర. అరగంట ముందే. తెక్లా కళ్లు పెద్దవయ్యాయి. తల అడ్డంగా ఊపింది. చప్పుడు లేకుండా పెదవులతో ఒక్కమాట పలికింది: సమ్మె.

నజ్జరేనోకు కుడి చెవి సరిగ్గా వినపడదు. అందుకని ఆ ఫోన్ గొంతు చివరిదాకా పెంచి ఉంటుంది. రిసీవర్ ఎత్తగానే గది నిండా పాట, చప్పట్లు, ఇంజను రొద.

"హలో! వాచ్‌మన్ గారేనా? నేను తెక్లా నాన్నని, కానియోని! మేం బయల్దేరిపోయాం!"

"ఎక్కడికి?"

"మీ దగ్గరికే అన్నా! శుక్రవారం దాకా ఆగడం మావాళ్ల వల్ల కాలేదు. దారిలో లొరేతో మాత దగ్గర ఆగి, మొక్కు తీర్చుకుని, రేపు సాయంత్రానికి మీ ఊళ్లో ఉంటాం. ఇప్పుడే పెస్కారా దాటాం. మా అమ్మాయి ఫోన్ పలకడంలేదు. చదువుకుంటోంది కదా, నేనే వద్దన్నాలే, ఆపేసుకోమన్నా. ఎలా ఉంది? తింటోందా?"

నజ్జరేనో రిసీవర్ పట్టుకుని తెక్లాను చూశాడు. ఒక్కమాట. సమ్మె అంటే చాలు. ఎలీదే అయితే అనేదేమో. ఆమె మంచిది, అందరికీ ఏది కావాలో అది ఇచ్చేది, ఆయనకు తప్ప.

"మీ అమ్మాయి పక్కనే ఉంది" అన్నాడు. "మీతో మాట్లాడాలంటోంది."

రిసీవర్ ఆమె చేతిలో పెట్టాడు.

తెక్లా దాన్ని రెండు చేతులతో పట్టుకుంది. "నాన్నా" అంది.

"తెక్లా! నా తల్లీ! ఆగు ఆగు ఆగు, పెట్టెయ్యకు!" అవతల ఏదో గరగర. కానియో గొంతు ఒక్కసారిగా గుహలోంచి వస్తున్నట్టు మోగింది. "ఒరేయ్, నోరు మూయండి అందరూ! మన డాక్టరమ్మ! డ్రైవర్ మైకులో పెట్టాను తల్లీ, బస్సంతా నీ గొంతు వినాలి! ఫాదర్ గారు కూడా వింటున్నారు!"

పాట ఆగింది. చప్పట్లు మొదలయ్యాయి. డాక్టరమ్మా, డాక్టరమ్మా అని ముప్ఫై గొంతులు లయగా అరిచాయి. ఒక ముసలి ఆడగొంతు, "బక్కచిక్కిందేమో అడగరా కానియో" అంది. మెల్లగా అన్నీ సద్దుమణిగాయి. ఇంజను రొద ఒక్కటే మిగిలింది.

"చెప్పు తల్లీ. అందరం వింటున్నాం."

తెక్లా చూపు ఫోన్ మీద, రిసీవర్ పెట్టే చోట ఉన్న చిన్న మీట దగ్గరికి పోయింది. వేలితో నొక్కితే చాలు, లైను పోయిందనుకుంటారు. నజ్జరేనో ఆ చూపు చూశాడు. ఫోన్‌ను పక్కకు లాగలేదు. నొక్కడమైనా, నొక్కకపోవడమైనా ఆమే తేల్చుకోవాలి.

"నాన్నా" అంది తెక్లా. "ఆ మైకు తీసెయ్."

"ఏంటి?"

"మైకు తీసెయ్ నాన్నా. నీకొక్కడికే చెప్పాలి."

బస్సులో ఎవరో నవ్వారు. "పెళ్లికొడుకును చూసుకున్నట్టుందిరోయ్!" అన్నారెవరో. ఆ నవ్వుకు తోడు నవ్వు రాలేదు. గరగరమని చప్పుడైంది. కానియో గొంతు మళ్లీ మామూలు గొంతయింది. మామూలుకంటే చిన్నదయింది.

"ఒంట్లో బాగుందా నీకు?"

"బాగుంది."

"మరి?"

"బస్సు దిగి విను నాన్నా."

కానియో ఫోన్ పక్కకు తిప్పి ఎవరితోనో అంటున్నాడు: "ముందు పెట్రోల్ బంకు వస్తుంది కదా, అక్కడ ఆపు... ఏం లేదులే, ఆపమంటున్నా కదా."

తెక్లా అరచేత్తో రిసీవర్ మూసింది. "ఏమని మొదలుపెట్టను?" అంది.

"జరిగింది ముందు చెప్పు" అన్నాడు నజ్జరేనో. "ఎందుకు జరిగిందో చెప్పకు. అది ఆయన అడుగుతాడు. అడిగినప్పుడు చెప్పు. ఆరు అని చెప్పు. ఏడవకు. నువ్వేడిస్తే ఆయన నిన్ను ఓదార్చాలి. ఆయనకూ ఏడుపొస్తే ఓదార్చేవాళ్లు ఆ బంకు దగ్గర ఎవరుంటారు?"

"మీరు ఇక్కడే ఉంటారా?"

"నా గది ఇది. ఎక్కడికి పోతాను?"

ఫోన్‌లో ఇంజను రొద తగ్గుతూ వచ్చింది. ఆగిపోయింది. తలుపు తెరుచుకున్న చప్పుడు. ఎవరో "ఏమైంది మామా?" అన్నారు. కంకరమీద అడుగులు. దూరంగా ఒక లారీ దూసుకుపోయింది, దాని వెనక ఇంకోటి. గాలి. అడుగులు ఆగాయి.

"దిగాను" అన్నాడు కానియో. "ఒక్కణ్ణే ఉన్నాను. చెప్పు."